గృహారోగ్యము: మగవారి రక్తపరీక్ష

సోదరీమణులారా! ఏబదియేండ్లు దాటిన మగవారికి వచ్చు నొక వ్యాధిని గూర్చి యీ నెల ముచ్చటింప దలచితిమి. చెప్పుటకు సంకోచమైనను దాచిన నష్టము మనదే.

పురుషులకు మూత్రాశయము క్రింద ప్రోస్టేటు అను చిన్న గ్రంథి గలదు. దానికి క్యాన్సరు సోకినచో మొదట తఱచుగా నే బాధయు నుండదు. ఎముకలకు ప్రాకిన పిమ్మట నడుమునొప్పిగా బయలుపడును. అప్పటికి పూర్తిగా నయమగుట దుర్లభము.

ఆ గ్రంథినుండి పుట్టు పి.యస్.ఏ. అను మాంసకృత్తు కొంత రక్తములో గలియును. అది మిల్లీలీటరునకు 4 నానోగ్రాములు మించిన వైద్యులు సాధారణముగా శంకింతురు. ఐరోపాలో జరిగిన యొక గొప్ప పరిశోధనలో, ఈ పరీక్షకు పిలువబడినవారిలో ఆ క్యాన్సరు మరణములు సుమారు అయిదవవంతు తగ్గినట్లు 2009లో ప్రకటించిరి.

అంకె హెచ్చినంతమాత్రమున గుండెలు బాదుకొనరాదు. వయసుచే గ్రంథి యుబ్బినను, మూత్రమార్గమున చీము పట్టినను అది పెరుగును. అందుచే మరల పరీక్షించి, ఎం.ఆర్.ఐ. చిత్రము తీసి, అవసరమైననే ముక్క తీసి చూతురు. ప్రాణహాని చేయక మెల్లగా పెరుగు క్యాన్సర్లును గలవు. వానికి తొందరపడి చికిత్స చేయించిన, మూత్రము నిలువకపోవుట వంటి బాధలు మిగులవచ్చును. కావున లాభనష్టములను వైద్యునితో ముచ్చటించియే పరీక్షకు పోవలెను. తండ్రికో సోదరునికో యీ వ్యాధి వచ్చినవారు 45 ఏండ్ల ప్రాంతముననే యడుగుట మేలు.

రాత్రులందు పలుమాఱులు లేచుట క్యాన్సరే కానక్కఱలేదు. కాని మగవారు సిగ్గుచే దాచు నా బాధ ముందుగా తెలియునది యిల్లాలికే. మెల్లగా నచ్చజెప్పి వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడని మా మనవి.