చుట్టపుచూపు పేరు మీద కొత్త వెట్టి

బాన్సువాడ బస్టాండులో ఎవర్ని కదిలించినా ఒక మాట వినబడుతుంది: "మావోడు విజిట్ మీద పోయిండు." బీర్కూర్, నసురుల్లాబాద్, పిట్లం, నిజాంసాగర్ - ఏ మండలంలో ఏ వాడకు పోయినా అదే మాట. విజిట్ అంటే ఏమిటి? చుట్టపుచూపు. చూసి రావడం. మరి మనవాడు ఏం చూడడానికి పోయాడు? బుర్జ్ ఖలీఫా చూడడానికా? ఎడారిలో ఒంటె ఎక్కడానికా? పక్క జిల్లాలో ఉన్న మెదక్ చర్చి సుత చూడని మనిషి, నూటికి మూడు రూపాయల మిత్తికి పైసలు తెచ్చి దుబాయికి షికారు పోతాడా?

పోయింది కూలికి. కాగితం మీద మాత్రం టూరిస్టు. ఈ అబద్ధం ఎవరికి తెలియదు? వీసా అమ్మిన ఏజెంటుకు తెలుసు. అక్కడ పనిలో పెట్టుకున్నోడికి తెలుసు. బాకీ ఇచ్చిన పటేలుకు తెలుసు. అబద్ధం అందరిదీ, శిక్ష మాత్రం ఒక్కడిది. ఈసారి మేము మాట్లాడదలచుకున్నది ఈ ఒక్కడి గురించే.

టూరిస్టు వీసాకు మామూలుగా ఒక జామీను కావాలి. దానికే స్పాన్సర్ అని పేరు. వచ్చే మనిషి తిండికి, పండుకునే జాగకు, తిరుగు ప్రయాణానికి పైసలున్నాయని ఎవరో ఒకరు పూచీ పడాలి. అక్కడుండే చుట్టమో, దోస్తో, హోటలో, టూరిస్టు కంపెనీయో ఆ పూచీ ఇవ్వొచ్చు. ఇందులో తప్పేమీ లేదు, చాలా దేశాలు అడిగేదే. 2024 మే నెల నుంచి దుబాయి విమానాశ్రయంలో తనిఖీ గట్టిపడింది. విజిట్ మీద వచ్చినోళ్లను మూడు వేల దిర్హాములు చూపెట్టమన్నారు, తిరుగు టికెట్ చూపెట్టమన్నారు, ఉండే జాగకు కాగితం చూపెట్టమన్నారు. అదే ఏడాది చివరికొచ్చేసరికి వీసాకు దరఖాస్తు పెట్టేటప్పుడే హోటలు కాగితం, తిరుగు టికెట్ జతచేయాలన్నారు.

ఇవన్నీ ఉన్నోనికి ఉండేవే. లేనోనికి ఎట్లా వస్తాయి? ఏజెంటు తెస్తాడు. వాపసు వచ్చినోళ్లు చెప్పే తంతు ఒక్క తీరుగానే ఉంటుంది. ముఖం తెలియని ఒక జామీనుదారు. ఒక్కరాత్రి కూడా పండుకోని హోటలు పేరు. మళ్లీ రద్దయిపోయే తిరుగు టికెట్. కౌంటరు దాటేదాకా చేతిలో పెట్టి, దాటినంక వాపసు గుంజుకునే నోట్లు. ప్రతిదానికీ ఒక రేటు. ఆ రేటంతా కలిపి మనవాడి బాకీ చిట్టాలో పడుతుంది. పైనుంచి ఒక పాఠం చెబుతారు: "కౌంటరు కాడ అడిగితే పనికి పోతున్న అనకు. మా బావమరిది ఉన్నడు, సూసొస్త అను." అబద్ధం చెప్పించేది వాడు, పట్టుబడితే ఎక్కిన కాడినుంచే వాపసొచ్చేది మనవాడు.

ఈ తంతు ఎందుకు నడుస్తున్నది? మన దేశంలో ఒక చట్టం ఉన్నది. 1983 నాటి వలసల చట్టం. పదో తరగతి పాసుగానోని పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని ముద్ర ఉంటుంది. అట్లాంటి మనిషి గల్ఫు దేశాలతో కలిపి పద్దెనిమిది దేశాలకు కూలికి పోవాలంటే హైదరాబాదులో వలసదారుల రక్షణాధికారి దగ్గర క్లియరెన్సు కావాలి. పని ఒప్పందం చూపాలి. జీతమెంత, గంటలెన్ని, జాగ ఎక్కడ - అన్నీ రాసి ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే పైన తీసుకోరాదు. ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. రెండేండ్లకు కట్టేది 275 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికొచ్చేది పది లక్షలు.

చుట్టపుచూపుకు పోయేవానికి ఈ క్లియరెన్సు అక్కర లేదు. వీసా, తిరుగు టికెట్ చూపిస్తే చాలు. ఏజెంటు దూరేది ఈ సందులోంచే. విజిట్ మీద పంపితే ఒప్పందం లేదు, బీమా లేదు, ముప్పై వేల హద్దు లేదు. వాడు లక్ష అడిగినా, రెండు లక్షలు అడిగినా రసీదు లేదు. 275 రూపాయల బీమా పోగొట్టుకోవడానికి మనం లక్షలు కడుతున్నామన్నమాట! ఇంతకన్నా అన్యాయమైన బేరం ఏ అంగట్లోనైనా ఉంటదా?

అక్కడ దిగినంక సంగతి వేరే. కంపెనీ పర్మిటు తెప్పించి విజిట్‌ను పని వీసాగా మార్చే పద్ధతి ఎమిరేట్స్‌లో ఉన్నది. కొందరికి అట్లా దొరికిన మాట నిజమే, మేము కాదనము. కానీ ఆ పర్మిటు చేతికి రాకముందు ఒక్కరోజు పని చేసినా నేరమే. 2024లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, పర్మిటు లేనోళ్లను పనిలో పెట్టుకునే యజమానికి జుర్మానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా పెంచింది. మంచిదే. కానీ దానివల్ల ఏమైతున్నది? యజమాని భయపడి మనవాణ్ణి చీకట్లో దాస్తాడు, జీతం అడిగితే పోలీసుల పేరు చెప్తాడు. వీసా గడువు దాటితే రోజుకు యాభై దిర్హాముల జుర్మానా. రోజు కూలీ కంటే జుర్మానా ఎక్కువ! అట్లాంటోడికే మనోళ్లు "ఖల్లివెల్లి" అని పేరు పెట్టుకున్నారు. ఖల్లివెల్లి అయినోడు రోగమొచ్చినా దవఖానకు పోడు, తల్లి సచ్చినా ఇంటికి రాడు. ఎప్పుడు ఆమ్నెస్టీ పెడతారా అని ఎదురుచూస్తాడు. 2018లో పెట్టారు, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పెట్టారు. అది వచ్చేదాకా ఏండ్లకు ఏండ్లు. ఏండ్ల తరబడి ఒక మనిషి దాక్కొని బతకాల్నా?

మా సంఘం పనిమీద తిరిగేటప్పుడు ఒక వాడలో ఒక తల్లి మాకు ఒక కాగితం చూపింది. కొడుకు వీసా జిరాక్సు. నాలుగు మడతలు పెట్టి దేవుని పటం వెనక దాచుకున్నది. "గిండ్ల ఏమున్నదో సదువుండ్రి బిడ్డా, మావోడు ఏం పని చేస్తున్నడో రాసిండ్రా?" అని అడిగింది. చదివినం. అందులో పని లేదు, కంపెనీ లేదు, జీతం లేదు. టూరిస్టు అని ఉన్నది. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాల్నో మాకు నోరు రాలేదు. కొడుకు షికారు పోయిండని చెప్పాల్నా?

మనవాళ్లే ఎందుకు ఇట్లా పోతున్నారనేది కూడా అడగాలి. ఇది కరువు సీమ కాదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లతో ఈ గడ్డ మీద వరి పండింది, చెరుకు పండింది. కోస్తా నుంచి మోతుబరులొచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది, 2015లో అది కూడా మూతబడింది. కాలువల మట్టి మోసిన తట్టల్లో మన తాతలవి లేవా? నీళ్లు పారిన భూముల్లో మనవి ఎన్ని? కాలువ గట్టుమీద ఉండి కూడా తడి చేతికంటని బతుకు మనది. నిన్నటిదాకా పటేలు ఇంట్లో జీతం ఉన్నాం. పెండ్లికి తెచ్చిన బాకీకి అయ్య జీతం, అయ్య బాకీకి కొడుకు జీతం. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. కాగితం మీద జీతగాడు పోయాడు. ఇప్పుడు విజిట్ వీసాకు తెచ్చిన బాకీకి కొడుకు దుబాయిలో జీతగాడైతున్నాడు. బాకీ పత్రం మాత్రం ఆ ఇంటి బీరువాలోనే ఉన్నది. మారింది దొడ్డి, మెడకున్న తాడు అదే.

జామీనుకు ఇంకో ముఖం కూడా ఉన్నది. మన కూలోడు పదేండ్లు అక్కడ సిమెంటు మోసి, ఒక్కసారి అవ్వను పిలిపించి తాను కట్టిన మేడ చూపిద్దామనుకుంటే? నిజమైన చుట్టపుచూపు అది. 2025 సెప్టెంబరులో ఎమిరేట్స్ ప్రభుత్వం లెక్క చెప్పింది. తల్లినో భార్యనో బిడ్డనో విజిట్ మీద పిలవాలంటే పిలిచేవాని నెల జీతం నాలుగు వేల దిర్హాములుండాలి. కొంచెం దూరపు చుట్టమైతే ఎనిమిది వేలు. దోస్తు అయితే పదిహేను వేలు. దిర్హమంటే మన ఇరవై రూపాయల పైమాటే. మన కూలోని జీతమెంత? వెయ్యి దిర్హాములకు అటూ ఇటూ. అంటే పనికి పోయే కొడుకు టూరిస్టు అని రాయించుకోవాలి, నిజంగా చూడబోయే తల్లికి మాత్రం కొడుకు జామీను మీద వీసా దొరకదు. మేడ కట్టడానికి వాని చెయ్యి కావాలి, మేడ చూడడానికి వాని తల్లి కన్ను పనికిరాదు. ఊరి గుడికి రాయి మోసింది మనం, గుడిలోపలికి రావద్దన్నది మనల్నే గదా! కొత్త సంగతేమున్నది?

అదే ఊళ్లో దొరగారి కొడుకు అమెరికాలో ఇంజనీరు. అవ్వ అయ్యలను ఆర్నెల్లకు పిలిపించుకుంటాడు. జామీను కాగితం, బ్యాంకు కాగితం చిటికెలో తయారు. వాళ్లమీద మాకు కోపం లేదు. చదువు, భూమి, పైసా తరతరాలుగా ఎవరికి జమ అయ్యాయో వాళ్లకే వీసా సులువుగా దొరుకుతుందని మాత్రం చెబుతున్నాం. బ్యాంకు ఖాతాలో నిల్వ అంటే ఈ దేశంలో కులం నిల్వే.

బాబాసాహెబ్ కూడా ఒక జామీను మీదనే సముద్రం దాటాడు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్లకు. తిరిగొచ్చి పదేండ్లు సంస్థానంలో కొలువు చేస్తానని పత్రం రాసిచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయాడు. 1917లో ఆ మాట కోసమే బరోడాకొస్తే అద్దెకు ఇల్లిచ్చినోడు లేడు. పారశీ సత్రంలో పేరు మార్చుకొని ఉంటే కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. 1934లో తోటి కార్యకర్తలతో దౌలతాబాద్ కోట చూడబోయాడు. అప్పుడది మన బాన్సువాడ ఉన్న నిజాం రాజ్యంలోదే. అక్కడి హౌజులో కాళ్లు ముఖం కడుక్కున్నందుకు నీళ్లు మైలబడ్డాయని గొడవ చేశారు. చివరికి నీళ్లు ముట్టకుండా ఒక సిపాయిని వెంట కాపలా పెట్టి కోట చూపించారు. ఈ సంగతులు రాసిన చిన్న పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. వీసా కోసం ఎదురుచూడడమని అర్థం. సొంత దేశంలోనే వీసా దొరకని మనుషులం మనం. మరి బరోడా జామీనుకు, ఏజెంటు జామీనుకు తేడా ఏమిటి? అది చదువుకు ఇచ్చింది, షరతులన్నీ పత్రంలో రాసి ఇచ్చింది. ఇది అబద్ధం మీద ఇచ్చింది, ఏ షరతూ రాయకుండా ఇచ్చింది. రాయని షరతు కంటే పెద్ద సంకెల లేదు.

"ఇవన్నీ మాట్లాడుతరు గాని, ఇంట్ల పొయ్యి వెలగకుంటే చట్టం తింటమా?" అని అడిగే తమ్ముళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. పోవద్దని మేము అనడం లేదు. పొయ్యి మీదికి లేనోడు ఎక్కడికైనా పోతాడు, పోయే హక్కు ఉన్నది. కూలికి పోయేటోడు కూలోని లెక్కనే పోవాలి, తలెత్తుకొని పోవాలి అంటున్నాం. టూరిస్టు అని రాయించుకున్న నాడే మన కూలి హక్కు మన చేత్తోనే కొట్టేసుకుంటున్నాం.

కాబట్టి వాడవాడలో కార్యకర్తలు ఈ పని చేయాలి. ఎవరైనా వీసా చేతికొచ్చిందంటే పైసలు కట్టకముందే పదిమందిలో చదివించండి. విజిట్ అనో, టూరిస్టు అనో ఉంటే పని వీసా కాదని నిలదీయండి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో పేరున్నదా అని అడగండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఒప్పందం ఒక నకలు ఇంట్లో, ఒక నకలు సంఘంలో ఉంచండి.

సర్కారును అడగాల్సింది కూడా ఉన్నది. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫులో చనిపోయినోని ఇంటికి ఐదు లక్షలు ఇస్తామని ఉత్తర్వు తీసింది. సచ్చినంక ఇచ్చే ఐదు లక్షలు సంతోషమే. బతికుండంగా ఇచ్చేదేది? చదువుకునే పిల్లలకు అంబేద్కర్ పేరుతో విదేశీ విద్యానిధి ఉన్నది, ఇరవై లక్షల దాకా ఇస్తారు. అదే అంబేద్కర్ జాతిలో పుట్టిన కూలోనికి సర్కారు జామీను ఎందుకు ఉండొద్దు? ఎస్సీ కార్పొరేషన్ తక్కువ మిత్తికి ప్రయాణపు అప్పు ఇవ్వాలి. సర్కారు కంపెనీ టామ్‌కామ్ హైదరాబాదులో కూర్చోకుండా బాన్సువాడ డివిజన్‌లో కౌంటరు తెరవాలి. విజిట్ పేరుతో కూలోళ్లను పంపే ఏజెంటు మీద కేసు పెట్టాలి, మోసపోయిన కూలోని మీద కాదు. కొడుకు జీతం తక్కువని తల్లిని రానియ్యని లెక్క మీద ఢిల్లీ సర్కారు దుబాయితో మాట్లాడాలి.

ఆ తల్లి చేతిలో కాగితం ఇంకా మా కండ్లముందు మెదులుతనే ఉన్నది. "ఏం పని చేస్తున్నడో రాసిండ్రా?" అన్నది ఆమె. ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద అచ్చయ్యేదాకా మన వాడల్లో ఎవరూ సంతకం పెట్టొద్దు, ఎవరూ పైసలు కట్టొద్దు. మనం చుట్టాలం గాదు, పర్యాటకులం గాదు. కూలోళ్లం. ఆ మాట కాగితం మీద రాయించుకుని పోదాం.

జై భీమ్!