నాయుడుగారి నాయకత్వము

1932 జూన్‌లో లార్డ్స్ మైదానమున, నాయకుడుగా వచ్చిన పోర్‌బందర్ మహారాజు ఉదారముగా తప్పుకొనగా, భారతదేశపు తొలి క్రికెట్ టెస్టుకు సారథ్యము వహించిన కొఠారి కనకయ్య నాయుడుగారు, ఫీల్డింగులో చేతికి గాయమైనను వెనుదీయక, మొదటి ఇన్నింగ్సులో జట్టులోకెల్ల అధికముగా 40 పరుగులు చేసిరి. ఆయన నడిపిన నాలుగు టెస్టులలో మూడు ఓటములు, ఒకటి డ్రా. అయినను గెలుపోటముల పట్టికతో ఆయనను తూచుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. సంస్థానాధీశులే పెత్తనము చేయు ఆ కాలమున, నాయకత్వము పుట్టుకచే గాక ఆటచే సంక్రమింపవలెనని తన బ్యాటుతో నిరూపించిన ప్రథముడాయనయే. ఏబదియైదేండ్లు దాటిన పిమ్మట, ఫాడ్కర్ అను బౌలరు వేసిన బంతి తగిలి దంతములు ఊడిపడగా, వానిని పిచ్‌పైనుండి తొలగించి మరల ఆట సాగించిరట! ఆయన సారథ్యమున హోల్కర్ జట్టు నాలుగుమార్లు రంజీ ట్రోఫీ గెలుచుట వెనుకనున్నది ఈ పట్టుదలయే. నాగపురమున జన్మించిన యీ తెలుగుబిడ్డను మన బాలురకు పరిచయము చేయు బాధ్యత మన పాఠశాలలది, మన క్రికెట్ సంఘములది.