అద్దె గుండిగలు, అద్దె గణకయంత్రములు



బేగంబజారులో పాత్రల యంగళ్ల ముందు నిలిచినప్పుడెల్ల మాకొక లెక్క తోచును. వేయిమందికి వండదగిన గుండిగను కొనువారెవరు? నిత్యము అన్నసత్రము నడుపువారు. ఒక్క పెండ్లికైనచో అద్దెకు తెచ్చుకొందుము. మహాగణనములు చేయువారికిని నేడిదే విచారము.

తుపాను దారిని ముందుగా లెక్కించుటకు వందలు, వేలు గణకయంత్రములు కూడి పనిచేయవలెను. ఈ లెక్క ప్రతిదినము కావలసియుండుటచే ప్రభుత్వమువారు 2024లో పూనాయందు ‘అర్క’ యను సొంత మహాయంత్రమును నెలకొల్పిరి. ఏటికి నాలుగుమారులు మాత్రమే పనిగలిగి, కొలది ధనసహాయముతో నెట్టుకొనివచ్చు పరిశోధకురాలు అట్టిదానిని కొనగలదా? ఆమెకొరకే ‘క్లౌడు’ అను అద్దె పద్ధతి. పేరు మేఘమేగాని, యక్షుని మేఘమువలె ఆకాశమున తిరుగునది కాదు. నేలమీద పెద్ద భవనములలో నుండు యంత్రములే. అమెజానువారు 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతమునందే అట్టివానిని తెరచిరి.

అయితే యంత్రములెన్ని యున్నవని మాత్రమే చూచిన చాలదు. వేయి మందుకణములను వేర్వేరుగా పరీక్షించుట వేయి యిండ్లలో అప్పడములు వత్తించుట వంటిది. ఒకరికై యొకరు ఆగనక్కరలేదు. తుపాను లెక్క యట్లు కాదు. సముద్రమును గళ్లుగా విభజించి యంత్రములకు పంచిపెట్టుదురు. ఒక గడిలోని గాలి ప్రక్కగడికి పోవును గదా! కావున అడుగడుగునను ప్రతి యంత్రమును తన ఫలితమును పొరుగుయంత్రమునకు తెలుపవలెను. ఒక్కటి ఆలసించిన తక్కినవన్నియు చేతులు ముడుచుకొని కూర్చుండును. అద్దె మాత్రము అన్నింటికిని నడుచును. అందుచే ఇట్టి పనికి ఒకే గాడిపొయ్యిమీది గుండిగలవలె దగ్గరదగ్గరగా నున్నవానిని, నడుమ మిక్కిలి వేగముగల తీగెలు గలవానిని అడిగి తీసికొనవలెను.

చౌకబేరమును కలదు. మిగిలియున్న యంత్రములను మిక్కిలి తక్కువకే యిత్తురు. కాని తమకు కావలసివచ్చినచో, అమెజానువారి పద్ధతిలో, 2 నిమిషములు ముందుగా చెప్పి తీసికొని పోవుదురు. పప్పు సగముడికిన వేళ గుండిగ నెత్తుకొనిపోయినట్లే! తెలిసినవారు నడుమనడుమ ఫలితమును వేరొకచోట భద్రపరచుకొని, ఆగినచోటినుండియే మరల మొదలిడుదురు.

పని ముగిసినను యంత్రమును ఆపనియెడల అద్దె ఎక్కుచునే యుండును. ఇక లోనికి పంపు సమాచారమునకు సాధారణముగా రుసుము లేదు. రాశిగా వెలుపలికి తెచ్చుకొనుటకు కలదు. అందుచే నేర్పరులు కొండంత ఫలితమును అచ్చటనే వడపోసి, కావలసిన సారమును మాత్రము ఇంటికి తెచ్చుకొందురు.