ప్రదక్షిణమా, పరుగుపందెమా?

అమెరికా దేశపు టెలివిజన్‌లో ‘ది అమేజింగ్ రేస్’ అనే పోటీ కార్యక్రమం 2001వ సంవత్సరంలో ఆరంభమైనది. భార్యాభర్తలు, తండ్రీబిడ్డలు, తోబుట్టువులు, స్నేహితులు ఇలా ఇద్దరిద్దరు ఒక జట్టుగా ఏర్పడి దేశాలు దాటి పరుగెత్తడమే అందులోని క్రీడ. ఒక్కొక్క ఊరిలో ఒక కవరు తెరచి, అందులో వ్రాసిన పని పూర్తిచేసి, తరువాతి ఊరికి బయలుదేరాలి. చేతిలో ఫోను ఉండరాదు. నిర్వాహకులు ఇచ్చిన సొమ్ముతోనే గడుపుకోవాలి. మజిలీకి అందరికన్న వెనుక చేరిన జట్టుకు సాధారణంగా ఇంటిదారి చూపుతారు. చివరి గమ్యాన్ని ముందుగా చేరిన ఇద్దరికి పది లక్షల డాలర్ల బహుమానం.

ఈ పోటీలోని 32వ భాగం 2020 అక్టోబరు నుండి డిసెంబరు వరకు ప్రసారమైనది. చిత్రీకరణ అంతకు రెండేళ్ళు ముందుగా, 2018 చివరలోనే జరిగినది. పదకొండు జట్లు లాస్ ఏంజెలిస్‌లో బయలుదేరి ట్రినిడాడ్, కొలంబియా, బ్రెజిల్, పరాగ్వే, ఫ్రాన్స్, జర్మనీ, కజకిస్తాన్ దేశాలు చుట్టి మన భాగ్యనగరానికి వచ్చాయి. అక్కడి నుండి కాంబోడియా, ఫిలిప్పీన్స్ మీదుగా తిరిగి అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ చేరాయి. ఇంత భూగోళం చుట్టడానికి నెల రోజులు కూడా పట్టలేదు. విల్, జేమ్స్ అనే ఇద్దరు గెలుపొందారు. ప్రపంచమంతా ఇల్లు కదలక కూర్చున్న కాలంలో ఇది ప్రసారమైనదని గుర్తుంచుకోవాలి. ఆ యేడు మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయి, జూన్ రెండవ వారంలో గాని మరల మొదలు కాలేదు. స్వామివారి కైంకర్యాలు మాత్రం ఏకాంతంగా జరుగుతూనే ఉండినవి.

అర్చకుడికి ఈ ఆటతో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. హైదరాబాదు మజిలీని మా మనుమరాలు పట్టుబట్టి నాకు చూపినది. చూసినకొద్దీ అది పరాయి దేశపు వినోదంగా కాక, మన తిరుపతి బస్టాండులో ప్రతి ఉదయం కనిపించే దృశ్యంగా తోచినది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా అందులోని మంచిని చెప్పుకొందాము. ఫోను లేనందున ఆ పోటీదారులు దారి అడుగుతారు. ఎదురైన బాటసారిని, టాక్సీ నడిపేవానిని, బడ్డీకొట్టులో కూర్చున్న ముసలమ్మను అడుగుతారు. భాష రాకపోతే చేతులతో అడుగుతారు. పూర్వం మన యాత్రికులు కూడ అట్లే అడిగి నడిచేవారు. దారి అడిగినవాడు తనకు తెలియదని ఒప్పుకొన్నవాడు. యాత్రకు అది తొలిమెట్టు. ఇక రెండవది, ఇద్దరి బంధం అక్కడ పరీక్షకు నిలుస్తుంది. నిద్రలేక, ఆకలితో, వెనుకబడిన భయంతో ఉన్నప్పుడు తోడున్నవారిని ఏమని పలకరిస్తామో అదే మన అసలు సంస్కారం. ఆ భాగంలో భారతీయ మూలాలు గల తోబుట్టువులు ఈశ్వర్, అపర్ణ అనేవారు ఉండిరి. అన్నాచెల్లెళ్ళకో అక్కాతమ్ముళ్ళకో ఆదిదంపతుల పేర్లు కలిసిరావడం చూసి నేను నవ్వుకొన్నాను. శివునికై తపస్సు చేస్తూ రాలిన ఆకును కూడ ఆహారంగా ముట్టని తల్లి గనుక పార్వతికి అపర్ణ అని పేరు. అంతటి నిలుకడ గల తల్లి పేరు పరుగుపందెంలో వినిపించడం ఒక విచిత్రం.

ఆ యేడు ఐదు జట్లు ఒక ఒప్పందానికి వచ్చి, ఒకరి సమాధానాలు మరొకరికి చెప్పుకొన్నాయి. చూసినవారిలో చాలమంది దీనిని తప్పుపట్టారట. నా అభిప్రాయం కొంత వేరు. తోటి బాటసారికి దారి చెప్పడం యాత్రాధర్మమే. అయితే మన ఐదుగురికి మాత్రమే చెబుతాము, ఆరవవాడు ఓడిపోవడానికే చెబుతాము అన్నప్పుడు అది ఉపకారం కాదు, ఎత్తుగడ. నీరు దానమిచ్చేవాడు దాహం ఎవరిదని అడగడు కదా.

నన్ను కలతపెట్టినది మాత్రం వేరొకటి. ఆ పోటీలో ఊరు ఊరుగా ఉండదు, ఒక ప్రశ్నగా మారిపోతుంది. 2011లో ప్రసారమైన 18వ భాగంలో జట్లు కాశీకి వచ్చాయి. అక్కడి సందుల్లో సాధువులను వెదకి, వారి వద్ద ముక్కలు ముక్కలుగా ఉన్న ఒక హితవాక్యాన్ని కూర్చి, అప్పజెప్పడం వారికి పెట్టిన పని. జీవితపరమార్థాన్ని చెప్పే వాక్యమట! దానిని కంఠస్థం చేసి, అప్పజెప్పి, తరువాతి కవరు అందుకొని పరుగెత్తాలి. ఆ వాక్యానికి అర్థమేమని ఆలోచించిన జట్టు ఆ రోజు వెనుకబడుతుంది. వారిని నిందించి ఫలం లేదు, ఆట నియమమే అటువంటిది. విశ్వనాథుని నగరం వారికి ఒక సమాధానం దొరికే చోటు మాత్రమే.

అదే కాశీకి మన ఏనుగుల వీరాస్వామయ్యగారు వెళ్ళిన తీరు చూడండి. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, మన తిరుపతి మీదుగా కడప సీమ, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు దాటి కాశీ, గయ సేవించి, జగన్నాథం మార్గంలో 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. వెంట సుమారు నూరుమంది పరివారం. దారిలో ఏ ఊరిలో నీరు బాగున్నది, ఎక్కడ బియ్యం దొరికినవి, ఏ వాగు ఎట్లు దాటవలెను, ఏ ప్రాంతపు జనుల ఆచారమేమి అన్నీ మిత్రునికి వ్రాసి పంపారు. అవి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. కాశీ చేరడమే పనిగా పెట్టుకొన్నవానికి మధ్యలోని పల్లెల నీటి రుచి ఎందుకు? వీరాస్వామయ్యగారికి అది కూడ యాత్రే.

భూప్రదక్షిణమనే మాట ఎత్తగానే మన ఇళ్ళలో విఘ్నేశ్వరుని కథ తలచుకొంటారు. మా ప్రాంతంలో కాణిపాకం ఉన్నందున మాకు మరింత తొందర! తల్లిదండ్రులకు ప్రదక్షిణం చేసి గజాననుడు గెలిచాడు, నెమలినెక్కి తిరిగిన కుమారస్వామి ఓడాడు, కనుక ఊళ్ళు తిరగడం అనవసరమని కొందరు తేల్చివేస్తారు. ప్రతి యేటా చవితినాడు అక్షతలు చేతబట్టి విన్న కథనే మనం సరిగా వినలేదని నా మనవి. అక్కడ పందెం భూమి చుట్టిరావడం కాదు. ముల్లోకాల్లోని పుణ్యనదులన్నింటా స్నానం చేసి రావడం. వ్రతకథ మూడు కోట్ల యాభై లక్షల నదులని లెక్క చెబుతుంది. కుమారస్వామి ఏ నదికి వెళ్ళినా అన్నగారు అప్పటికే స్నానమాడి ఎదురుగా వస్తూ కనిపించాడు. అయినా కుమారుడు ఒక్క నదిని కూడ విడిచిపెట్టలేదు. వెనుకబడ్డానని తెలిసి కూడ ప్రతి తీర్థంలో మునిగాడు. ఓడిపోతానని తెలిసినప్పుడు దారిలోని నదులను వదలి ముందుకు దూకడం తేలిక. ఆయన దూకలేదు. తిరిగివచ్చి, అన్నగారి మహిమ తెలియక పలికితినని తండ్రికి మ్రొక్కాడు. అటువంటి స్వామిని ఓడినవాడని చిన్నచూపు చూడడం తగదు.

ఈ పోటీకి అసలైన పోలిక నాకు కిష్కింధాకాండలో కనబడినది. సీతాన్వేషణకు సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకు పంపాడు. తూర్పునకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరానికి శతబలి, దక్షిణానికి అంగదుడు, హనుమంతుడు, జాంబవంతుడు. ఒక్కొక్క దిక్కులో ఏ నది తరువాత ఏ పర్వతమో, ఏ దేశం తరువాత ఏ దేశమో వివరంగా చెప్పాడు. దక్షిణపు దారిలో మన ఆంధ్రుల పేరు కూడ ఉన్నది. గడువు ఒక్క మాసం. మీరినవారికి మరణదండన. ఇదంతా విని శ్రీరామచంద్రుడు ఆశ్చర్యపడి, భూమండలమంతా నీకెట్లా తెలిసినదని అడిగాడు. అన్న వాలి తరుముతుంటే ప్రాణభయంతో భూమి అంతా పరుగెత్తాను ప్రభూ అన్నాడు సుగ్రీవుడు. ఆ పరుగులో భూమి గిరగిర తిప్పిన కొరవివలె, ఆవుగిట్ట ముద్ర అంతగా తోచినదన్నాడు. వేగం ఎక్కువైనకొద్దీ లోకం ఎంత చిన్నదవుతుందో వాల్మీకి మహర్షి ఇంతకన్న ఎట్లా చెప్పగలరు? అయినా చావు తరుముతున్నవాడు సైతం నదులను, కొండలను గుర్తుపెట్టుకొన్నాడు. మనల్ని తరుముతున్నది తిరుగు రైలు మాత్రమే.

ఇక ఆ నలుగురిలో గెలిచినదెవరు? తూర్పు, పడమర, ఉత్తర దిక్కులవారు మాసం తిరిగేసరికి గడువులోగా వచ్చి చేరారు. చేతిలో ఏమీ లేదు. దక్షిణానికి వెళ్ళినవారు దాహంతో ఒక బిలంలో ప్రవేశించి, స్వయంప్రభ ఆతిథ్యం పొంది, వెలుపలికి వచ్చేసరికి గడువు దాటిపోయినది. అమెరికా ఆటలో అయితే వారి కథ అక్కడితో సరి. సముద్రతీరాన దర్భలు పరచుకొని ప్రాయోపవేశానికి కూర్చున్నారు. పరుగు మాని కూర్చున్నారు గనుకనే రామకథ, జటాయువు కథ చెప్పుకొన్నారు. ఆ మాటల్లో తమ్ముని పేరు వినబడి, రెక్కలు కాలిన సంపాతి కొండమీది నుండి పలికాడు. సీతమ్మ జాడ తెలిసినది అప్పుడే. నెల రోజుల పరుగులో దొరకని సమాధానం, కూర్చున్న ఒక్క పూటలో, దారిన కలిసిన ముసలి పక్షి నోట దొరికినది.

ఇప్పుడు మన సంగతి. తిరుపతిలో ఉదయం ఆరు గంటలకు బయలుదేరే బాడుగ వాహనాలను చూడండి. తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, అప్పలాయగుంట, శ్రీనివాస మంగాపురం, వీలైతే నారాయణవనం. చేతిలో పట్టిక, ఒక్కొక్క గుడికి ఇన్ని నిమిషాలని లెక్క. గుడిలో అడుగుపెట్టి తీర్థం పుచ్చుకొనే లోపు వెనుక నుండి హారను. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు ఎంతసేపట్లో ఎక్కామో ఫోనులో చూసుకొని మిత్రులకు పంపుకొనే యువకులున్నారు. బాల అన్నమయ్య అలసి నిద్రించగా అలమేలుమంగమ్మ కలలో కనిపించి ఆకలి తీర్చినదని చెప్పే మోకాళ్ళ మెట్టు వారికి, ఊపిరి ఎక్కువ పట్టే చోటు మాత్రమే.

మా గుడికి ఒకనాడు దూరపు ఊరి నుండి ఒక కుటుంబం వచ్చినది. వెంట డెబ్బది దాటిన తల్లి. దర్శనమైన పిదప ఆమె మండపంలో స్తంభానికి ఆనుకొని కూర్చుని, ‘కాసేపు ఉందాం నాయనా’ అన్నది. కొడుకు చెడ్డవాడు కాడు. తల్లిని యాత్రకు తెచ్చినవాడు చెడ్డవాడెట్లా అవుతాడు? కాని పట్టికలో మరి మూడు గుళ్ళున్నవి, పన్నెండు గంటలకు తలుపులు వేస్తారు. రెక్క పట్టి లేపాడు. తరువాతి గుడిలో మెట్లున్నవని, అమ్మను బండిలోనే ఉంచుదామని వారు మాట్లాడుకోవడం నాకు వినబడినది. ఆ తల్లి ఆ దినం ఐదు క్షేత్రాలు సేవించినట్లు లెక్క.

సెలవు దొరకని ఉద్యోగులు, వందల మైళ్ళ నుండి వచ్చేవారు తొందరపడడం నాకు అర్థం కాక కాదు. జీవితంలో ఒక్కసారి వచ్చినవారు అన్నీ చూడాలనుకోవడం సహజం. వేగాన్ని నేను దోషమనడం లేదు. ఆంజనేయస్వామికన్న వేగమెవరిది? అయినా ఆయన లంకలో రాత్రంతా ఇల్లిల్లూ వెదికాడు. దారిలోనిది వదలిపెట్టడమే దోషం. నిండుచూలాలు నూనె నిండిన కుండ పట్టుకొని నడిచినట్లు ప్రదక్షిణం చేయాలని పెద్దలు నియమం పెట్టారు. నూనె తొణకరాదని కాదు వారి చింత. లోపలి బిడ్డ, చేతిలోని కుండ, కాలి కింది నేల, మూడూ ఒకేసారి ఎరుకలో ఉండాలని.

కనుక యాత్రకు తెచ్చే పెద్దకొడుకులకు నాదొక అభ్యర్థన. ఐదు గుళ్ళ పట్టికలో రెండు కొట్టివేయండి. ఏ రెండు కొట్టివేయాలో అమ్మను అడగండి. దారి ఫోనును కాక, ఊరివారిని అడగండి. స్థలపురాణం అర్చకుణ్ణి అడగండి. మేము చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాము, అడిగేవారే తగ్గిపోయారు. తిరుమలలో శ్రీవారికన్న ముందు వరాహస్వామిని సేవించాలన్నది అనాదిగా వస్తున్న నియమం. ఆ క్షేత్రంలో శ్రీనివాసునికి చోటిచ్చినది ఆయనే. దర్శనం టికెట్టులో వ్రాసిన గంట దాటిపోతుందని ఎందరో ఆ గుడిని వదలి పోతున్నారు. స్వామి పుష్కరిణికి వాయవ్య మూలన ఉన్నది. శ్రీవారి వరుసతో పోలిస్తే అక్కడి వరుస చిన్నది, తల్లితో కలిసి నిలబడవచ్చు.