ఒకే పొయ్యి, నాలుగు కంచాలు

గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు ఈ మధ్య మేము ఎక్కువగా వింటున్న మాట షుగరు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనము మన దేశములో 10 కోట్లమందికి పైగా ఈ వ్యాధి ఉన్నదని తేల్చింది గనుక ఇందులో ఆశ్చర్యము లేదు. డాక్టరుగారు అన్నము తగ్గించమనగానే చాలామంది రాగిసంకటికో జొన్నరొట్టెకో మారి, ఇక భయము లేదన్నట్టు కడుపునిండా తింటున్నారు. 100 గ్రాముల బియ్యములో పిండిపదార్థము సుమారు 78 గ్రాములైతే, రాగులలోను జొన్నలలోను అది సుమారు 70. పీచు ఎక్కువ గనుక కొంత మేలే. అయితే కొలత లేకుండా తింటే ఆ మేలు మిగలదు.

గోదావరి జిల్లానుండి ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె అత్తగారికి షుగరు. ఆవిడ చిన్ననాటినుండి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. భర్తకు చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. పిల్లలిద్దరూ ఎదిగే వయసువారు. "అయ్యగారూ, నేను రోజూ మూడు వంటలు వండాలా?" అని ఆమె అడిగారు. అత్తగారు నెలరోజులుగా అందరూ తిని లేచాక ఒంటరిగా తింటున్నారని ఉత్తరము చివర ఒక్క ముక్క వ్రాశారు. మమ్మల్ని కలతపెట్టింది ఆ ముక్కే.

సహోదరీ, మూడు వంటలు అక్కరలేదు. కూర అందరికీ ఒకటే ఉండాలి, అన్నము మాత్రమే కంచాన్ని బట్టి మారాలి. బీర, సొర, పొట్ల, బెండ, దొండ, వంకాయ, క్యాబేజీ, ఏ ఆకుకూరయినా సరే, ఇప్పుడు వండేదానికి రెట్టింపు వండండి. పిల్లలు అన్నములో కూర కలుపుకుంటారు, అత్తగారు కూరలో కొంచెము అన్నము కలుపుకుంటారు. బంగాళాదుంప, చేమ, కంద, పెండలము వండిన రోజున ఆవిడకు వేరే కూర ఉండవలసిందే.

చేపల రోజున ఈ పద్ధతి చూడండి. ఉల్లిపాయలు, టమాటాలు వేయించి చింతపండు రసము పోసి పులుసు మరిగాక, చేప ముక్కలు వేయకముందే సగము వేరే గిన్నెలోకి తీసి అందులో బెండకాయలో వంకాయలో వేయండి. బెల్లము వద్దు. ఒకే పులుసుతో రెండు కూరలు తయారవుతాయి. గరిటెలు మాత్రము రెండుండాలి. చేపలో పెట్టిన గరిటె ఆవిడ గిన్నెలో పెట్టకండి. చాదస్తమని నవ్వేవారుంటారు గాని, జీవితమంతా శాకాహారిగా ఉన్న మనిషికి ఆ గరిటె చిన్న సంగతి కాదు.

ఇక ఆకలి సంగతి. మాంసము తినేవారు అన్నము తగ్గిస్తే ఆ చోటికి చేపో గుడ్డో వస్తుంది. శాకాహారి కంచములో అన్నము తీసేస్తే కూర, చారు మిగులుతాయి. రాత్రి పదింటికి ఆకలేసి బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటారు. అప్పుడు వారిని కోప్పడి లాభము లేదు. తీసివేసిన అన్నము స్థానములో మాంసకృత్తులు పెట్టాలి. 100 గ్రాముల పనీరులో ఇవి సుమారు 18 గ్రాములు, ఎండు మీల్‌మేకరులో సుమారు 50. గుప్పెడు మీల్‌మేకరు నానబెట్టి, పిండి, వంకాయకూరలో వేస్తే సరిపోతుంది. వేరుశనగపప్పు, గట్టి పెరుగు కూడా మంచివే. కందిపప్పులో మాంసకృత్తులున్నా పిండిపదార్థము సగానికి పైగా ఉంది గనుక కప్పుతో కొలిచి పెట్టండి.

పొద్దున ఇడ్లీకి బదులు బియ్యము కలపని పెసరట్టు వేసి, పల్లీల పచ్చడి పెట్టండి. పిల్లలకు అందులోనే ఉప్మా పెట్టి మడవవచ్చు. కాలీఫ్లవరు తురిమి పోపు పెట్టి నిమ్మకాయ పిండితే పులిహోర రంగు వస్తుంది. రుచిగానే ఉంటుంది గాని, గోదావరి మనిషి ముందు పెట్టి అది అన్నమే అనకండి!

ఒక హెచ్చరిక. షుగరు మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరుగారితో చెప్పకుండా ఒక్కసారిగా అన్నము మానకూడదు. మందు పాత మోతాదులోనే ఉండి అన్నము తగ్గితే షుగరు ప్రమాదకరముగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనబడితే వెంటనే చక్కెర నీళ్ళు తాగించి, ఆ తరువాత డాక్టరుకు చెప్పాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే పప్పులు, పనీరు ఎంతవరకో కూడా అడగండి. దానియేలు శాకధాన్యాదులు తిన్నాడు గనుక మందులు మానవచ్చునని చెప్పేవారు మాకు తారసపడ్డారు. ఆ అధ్యాయము షుగరును గూర్చి వ్రాసినది కాదు.

రోమా సంఘములోను అన్నీ తినేవారు, కూరగాయలే తినేవారు ఒకే సహవాసములో ఉన్నారు. పౌలు 14వ అధ్యాయములో ఎవరి వంట మార్చమనలేదు, ఒకరినొకరు తృణీకరించవద్దన్నాడు. మీ అత్తగారు పత్యము వలన వేరుగా తింటున్నారా, లేక తన కంచము చూసి పిల్లలు వేసే ప్రశ్నలకు నొచ్చుకుని వేరుగా తింటున్నారా? నెమ్మదిగా అడగండి. రేపటినుండి మొదటి వడ్డన ఆవిడకే చేయండి, పిల్లల కంచాలలోను అదే కూర ఎక్కువగా వేయండి. చేపలు కడిగే పని మీ భర్తగారిది. ఈ మాట మేము చెప్పామని చెప్పండి.

మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌.బి.ఎ.1సి. పరీక్ష ఇప్పుడొకసారి, మూడు నెలలకొకసారి చేయించి ఆ రెండు అంకెలు మాకు వ్రాయండి.