ఝంఝావతీ జలములు - ముంపునకు ముందు న్యాయము

దేశమున సాగునీరును విద్యుచ్ఛక్తియు వృద్ధినొందవలెనని కోరని దేశాభిమాని యుండడు. ఆనకట్టలకు మేము విరోధులము కాము. 1908లో నాగావళిపై తోటపల్లివద్ద కట్టిన రెగ్యులేటరు ఎన్ని పొలములను పండించినదో కురుపాం ప్రాంతపు రైతులకు మేము చెప్పనక్కరలేదు. అచ్చటనే 2015లో నూతన బారేజి ప్రారంభమైనది. నాగావళికి ఉపనదియగు ఝంఝావతి కథ మాత్రము వేరు.

కొమరాడ మండలమున రాజ్యలక్ష్మీపురమువద్ద ఝంఝావతీ జలాశయమును 1976లో తలపెట్టిరి. 24,640 ఎకరములకు నీరందవలసియుండెను. కాని జలాశయము నిండినచో ఎగువ ఒడిషాలోని గిరిజనుల భూములు మునుగును. 1978లో ఉభయ రాష్ట్రములకును ఒడంబడిక కుదిరినను ముంపు వివాదము తీరలేదు. తుదకు 2006లో ఉబ్బించుటకును దించుటకును వీలగు రబ్బరు ఆనకట్టను నిర్మింపగా, ఎగువ భూములు మునుగకయే ఆయకట్టులో కొంతభాగమునకు నీరు లభించినది. సంపూర్ణ జలాశయము నేటికిని సిద్ధింపలేదు.

ఈ జాప్యమునకు ఒడిషాను దూషించి తృప్తినొందువారు కలరు. మన చేను తడియుటకు పొరుగువాని యిల్లు మునుగవలసివచ్చినపుడు అతడు అడ్డగింపక యేమి చేయును? మాచఖండ్ అనుభవము మన కన్నులయెదుటనే యున్నది. 1955లో ఆరంభమైన ఆ విద్యుత్కేంద్రము 120 మెగావాట్లది. దానికై దాదాపు మూడువేల కుటుంబములు నిర్వాసితములయ్యెను. అందు సగము గిరిజనులవి. పెక్కింటికి మారుభూమి దక్కలేదు. దీపములు దూరపు పట్టణములలో వెలిగినవి. చీకటి కొండవాని పాలైనది. జలాశయమున పడవవిహారము చేయు యాత్రికుడు నీటి సొగసునే చూచును గాని అడుగున నున్న పల్లెను చూడడు.

ఈ మన్యముననే కురుకుట్టి, కర్రివలసలయందు పంప్డ్ స్టోరేజి విద్యుత్కేంద్రములకు 2022లో రాష్ట్రప్రభుత్వ మామోదము తెలిపినది. అందుచేత పాత పాఠమును మరల చదువవలసియున్నది. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని 1996 నాటి చట్టము శాసించుచున్నది. ఈ సంప్రదింపు కాగితములపై వ్రేలిముద్రలు సేకరించు తంతు కారాదు. ఏ పొలము మునుగునో, ఏ ఊట యింకునో, ప్రతిగా ఏ భూమి యిత్తురో గిరిజనునకు అతని భాషలో ముందుగా చెప్పవలెను. అతడు కాదన్నచో ఆ మాటకు విలువ యుండవలెను.

భూమిని కోల్పోవుట యేమో ఎరిగిన రైతులోకము ఈ విషయమున మౌనము వహింపరాదు. దిగువ కాలువలో నీరు పారవలెను. కాని ఆ నీటికి వెల కట్టునపుడు కొండవాని కన్నీటిని లెక్కలోనికి తీసికొనని ప్రణాళిక ఎంత ఘనమైనదైనను జాతీయ ప్రణాళిక యనిపించుకొనజాలదు.