తాడుతో కట్టిన స్ప్రింగును నమ్మొద్దు

ఇది కొందరికి చేదుగా ఉంటది. అయినా చదవండి.

పోయిన నెల మన ముంబైలోనే, ఒక గ్యారేజీలో పాత ప్రీమియర్ పద్మిని ముందు స్ప్రింగు తీస్తుంటే అది ఎగిరొచ్చి మనోళ్ల పిల్లగాని దవడ పగిలింది. ఆసుపత్రికి పోయి పలకరించినం, పండ్లిచ్చినం, చందా వేసినం. మెట్లు దిగుతూ "వాని టైం బాగలేదు" అనుకున్నం. టైం కాదు, తప్పు మనది.

కుర్లాలో తయారైన ఆ బండి మనలో ఎన్నో ఇండ్లకు కూడు పెట్టింది. 2023 అక్టోబరులో చివరి పద్మిని ట్యాక్సీ రోడ్డు దిగితే అందరం ఫోటోలు పెట్టినం. ఇప్పుడు షోకుకు పాత బండ్లు బాగుచేయించుకునేటోళ్లు వస్తున్నరు. పని ఉంది, సరైన పనిముట్టే లేదు.

"మా ఉస్తాద్ జిందగీ అంతా తాడు కట్టే తీసిండు" అంటరు. ఉస్తాద్ మీద మాకూ గౌరవమే. కానీ లెక్క చూడండి. బండి బరువు సుమారు 900 కిలోలు. అంటే ఒక్కో చక్రం మీద రెండు వందల కిలోల పైమాటే. స్ప్రింగు చక్రానికి లోపలి పక్క, ఆర్మ్ మీద కూర్చుంటది కాబట్టి దాని మీద పడే ఒత్తిడి ఇంకా ఎక్కువ. బండి ఎత్తి చక్రం వేలాడదీసినా స్ప్రింగు పూర్తిగా సాగదు, నొక్కుకునే ఉంటది. అప్పుడు బోల్టు విప్పితే దాన్ని ఆపేదేముంది? తాడా?

పద్ధతి పెద్ద విద్యేం కాదు. చదునైన గచ్చు మీద బండి పెట్టి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలె. జాకీతో ఎత్తినంక ఫ్రేము కింద స్టాండ్లు పెట్టాలె. ఇటుకలు వద్దు, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. స్ప్రింగు కంప్రెసర్ తగిలించి చేతి పానాతోనే మెల్లగా బిగించాలె. రెండు హుక్కులదైతే ఎదురెదురుగా పెట్టి, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పాలె. స్ప్రింగు తన గూట్లో వదులై కదిలినంకనే ఆర్మ్ బోల్టుల మీద చెయ్యి వెయ్యాలె. అప్పుడు కూడా ఆర్మ్ కింద ట్రాలీ జాకీ, స్ప్రింగులోంచి ఫ్రేముకు ఒక గొలుసు ఉండాలె. జాకీ దించేటప్పుడు స్ప్రింగుకు ఎదురుగా ఎవ్వరూ నిలబడొద్దు. బయటికొచ్చినంక కూడా నొక్కి ఉన్న స్ప్రింగును నేల మీద పడేసి చాయ్‌కి పోవద్దు. మెల్లగా వదులు చేసినంకనే పక్కన పెట్టాలె.

ఉగాదికి శాలువాలకు, ఫ్లెక్సీలకు పైసలు దొరుకుతయి. రెండు కంప్రెసర్ సెట్లు, నాలుగు స్టాండ్లు కొని ఆఫీసులో పెట్టి, అడిగినోళ్లకు ఉచితంగా ఇయ్యడానికి దొరకవా? ఒక ఆదివారం పెద్ద మెకానిక్కులను పిలిచి పిల్లలకు నేర్పించలేమా?

వచ్చే మీటింగులో ఈ తీర్మానం మేమే పెడతం. వద్దనేటోళ్లు ఒక్కసారి ఆ పిల్లగాని ఇంటికి పోయి, వాని తల్లి ముందు కూర్చొని వద్దనండి.